ఆదివారం విన్న వాక్యం వారమంతా నిలవాలంటే

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఏటా జనవరిలో ఆదికాండంతో బైబిలు మొదలుపెడతారు, లేవీయకాండం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. ఆదివారం పూజలో విన్న సువిశేషం (సువార్త) సోమవారం ఆఫీసు టెన్షన్‌లో గుర్తుకే రాదు. ఊళ్లో ఇంటి స్థలం పంపకం దగ్గర మీ అన్నయ్యతో మాటలు ఆగిపోయి రెండేళ్లయింది, అప్పటి నుంచి పరలోక జపంలో అప్పులు మన్నించమని అడిగే చోట నోరు పెగలడం లేదు. మీరు వీటిని విడివిడిగా రాశారు. నాకు మాత్రం మూడూ ఒకే ప్రశ్నలా కనబడుతున్నాయి. మా విచారణలో (పారిష్‌లో) చాలా ఏళ్లుగా బైబిలు తరగతులు చెబుతున్నాను కాబట్టి ఇలాంటి మాట తరచుగా వింటూనే ఉంటాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మీరిప్పుడు బైబిలు ఇంకా ఎక్కువ చదవనక్కర్లేదు. తిరుసభ, అంటే కతోలిక సంఘం, ఆ రోజు పూజకు ఇచ్చిన బైబిలు పఠనం చదవండి, అందులో ఒక్క మాట పట్టుకోండి, ఆ మాటను ఆ రోజు ఒక మనిషి దగ్గరికో ఒక పని దగ్గరికో తీసుకెళ్లండి. అంతే. చెప్పడానికి చిన్నదే గానీ ఏడాది పాటు చేస్తే మనిషి మారతాడు.

తిరుసభ ఇచ్చిన పఠనమే ఎందుకు? మనం ఎంచుకుంటే మనకు నచ్చినవే ఎంచుకుంటాం కాబట్టి. కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి ఇచ్చిన పత్రంలో, విశ్వాసులకు దేవుని వాక్కు అనే విందును మరింత పుష్కలంగా వడ్డించాలని కోరింది. ఇప్పుడు మనం పూజలో వినే పఠనాల క్రమం దాని నుంచే పుట్టింది. ఆదివారాలది మూడేళ్ల చక్రం: ఎ సంవత్సరంలో ముఖ్యంగా మత్తయి, బి సంవత్సరంలో మార్కు, సి సంవత్సరంలో లూకా. యోహాను సువిశేషం ఎక్కువగా తపస్కాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలు), పాస్కా కాలాల్లో (ఈస్టరు, ఆ తర్వాతి వారాల్లో) వస్తుంది. ఏ సంవత్సరం నడుస్తోందో తెలుసుకోవడం తేలిక. సంవత్సరం సంఖ్యను 3తో భాగిస్తే శేషం రాకపోతే సి, ఒకటి మిగిలితే ఎ, రెండు మిగిలితే బి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి, ఆరాధన సంవత్సరం జనవరిలో కాదు, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారంతో మొదలవుతుంది. మామూలు రోజుల్లో సువిశేషం ప్రతి ఏడూ అదే. సామాన్య కాలంలో (ఈ ప్రత్యేక కాలాలు కాని మిగతా వారాల్లో) మొదటి పఠనం మాత్రం బేసి సంవత్సరానికి ఒకటి, సరి సంవత్సరానికి ఒకటి ఉంటుంది. మీరు హైదరాబాద్ గదిలో ఒంటరిగా చదివినా, అదే రోజు మీ ఊరి గుడిలో అమ్మ వింటున్నదీ, కువైట్‌లో పనికి వెళ్లిన మన ఊరివాళ్లు అక్కడి పూజలో వింటున్నదీ అదే సువిశేషం. ఇది నాకు చాలా ధైర్యాన్నిచ్చే సంగతి.

‘కతోలికులు బైబిలు చదవరు’ అని మీ స్నేహితులు అంటున్నారని రాశారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. ప్రతి ఆదివారం పూజలో మొదటి పఠనం, భక్తి కీర్తన, రెండవ పఠనం, సువిశేషం ఉంటాయని మీకు తెలుసు, అది చాలు. అయితే వాళ్ల మాటలో మనకు పనికొచ్చేది కూడా ఉంది. లేఖనాలు తెలియకపోవడమంటే క్రీస్తు తెలియకపోవడమేనని పునీత జెరోము అన్న మాటను మహాసభే 1965లో మనకు గుర్తు చేసింది. గుడిలో విన్నాం కదా అని ఇంట్లో బైబిలు షోకేసులో పెట్టేస్తే ఆ మాట మనకే తగులుతుంది.

ఇక్కడే ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఉంది. ఫోన్‌లో దొరికే తెలుగు బైబిలు యాప్‌లలో చాలావాటిలో 66 గ్రంథాలే ఉంటాయి. మనవి 73. తోబితు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు వాటిలో కనబడవు. దానియేలు మూడో అధ్యాయంలో, మండే కొలిమిలో నిలబడి అజర్యా చేసిన ప్రార్థన కూడా ఉండదు. కాబట్టి కతోలిక బైబిలు పుస్తకం ఒకటి కొనుక్కోండి. పెన్సిలుతో గీతలు పెట్టుకోండి. పాడవుతుందని భయం వద్దు.

ఇక మీ జనవరి సమస్య. డిసెంబరు 31 రాత్రి మన తెలుగు క్రైస్తవుల్లో వాగ్దాన కార్డులు తీసే అలవాటు ఉంది, ఇప్పుడది వాట్సాప్ స్టేటస్ దాకా వచ్చింది. ఆ కార్డుల్లో తరచుగా కనబడేది యిర్మీయా 29:11. మీ గురించి నాకున్న ఆలోచనలు మేలు కోసమే గానీ కీడు కోసం కావు, మీకు భవిష్యత్తును, నిరీక్షణను ఇస్తాను అని ప్రభువు అంటాడు. గొప్ప మాట. కానీ దానికి ముందున్న పదో వచనం ఎవరూ స్టేటస్ పెట్టరు. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తానని అందులో ఉంది. ఇది బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం, దాన్ని అందుకున్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్ను మూస్తారన్నమాట. మరి అంతవరకు ఏం చేయాలి? అయిదో వచనం నుంచి చదవండి. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరగా తీసుకొచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి. రోజువారీ విశ్వాస జీవితం గురించి పాత నిబంధనలో ఇంతకంటే సూటిగా చెప్పిన చోటు నాకు కనబడలేదు. ఇష్టం లేని ఊళ్లో, ఇష్టం లేని ఉద్యోగంలో, తిరిగి వెళ్లే తేదీ తెలియకుండా బతుకుతున్న మనిషికి ఆ మేలు అనే మాట ఎలా వినబడుతుందో, అయిదో వచనం నుంచి చదివితేనే తెలుస్తుంది. అందుకే వచనాన్ని ఒంటరిగా తీసుకోవద్దని మా తరగతిలో పదే పదే చెబుతుంటాను. ముందు పది వచనాలు, వెనక పది వచనాలు చదవండి.

లేవీయకాండం దగ్గర ఆగిపోవడం మీ ఒక్కరి సంగతి కాదు. బలుల వివరాలు, కుష్ఠు లక్షణాలు వరుసగా చదువుతూ పోతే ఎవరికైనా కష్టమే. కానీ 19వ అధ్యాయం తెరవండి. నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే నీ పొరుగువాణ్ని ప్రేమించమన్న మాట యేసు ఎత్తి చూపింది అక్కడి నుంచే. అదే అధ్యాయం 13వ వచనంలో కూలివాడి కూలిని మర్నాటి ఉదయం దాకా నీ దగ్గర ఉంచుకోకు అని ఉంది. తిరుసభ ఈ భాగాన్ని తపస్కాలం మొదటి వారం సోమవారం నాడు చదివిస్తుంది. అదే రోజు సువిశేషం మత్తయి 25, ఆకలిగొన్నప్పుడు నాకు అన్నం పెట్టారు అనే తీర్పు దృశ్యం. రెండూ కలిపి వింటే, మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ జీతం ఒకటో తారీఖున ఇస్తున్నారా, ‘చిల్లర లేదు, రేపు రా అమ్మా’ అంటున్నారా అన్నది ప్రార్థనకు సంబంధించిన విషయమైపోతుంది. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం తర్వాత మాంసం మానేసి, ఆవిడ డబ్బులు నాలుగు రోజులు ఆపితే ఆ ఉపవాసం ఎవరికి? ఈ సోమవారం పఠనం ఒక్కటి చాలు, తపస్కాలమంతా పని పెట్టడానికి.

ఎలా చదవాలి అన్నదానికి పాత పద్ధతే మంచిది. 12వ శతాబ్దంలో గ్విగో అనే కార్తూసియన్ మఠవాసి దాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా ఉండటం. 2010లో పోప్ బెనెడిక్ట్ 16 ఇంకో మాట జోడించారు, ఇది ఆచరణ దాకా వస్తే తప్ప పూర్తి కాదని. మీ విషయంలో తెగిపోతున్నది ఆ చివరి మెట్టే అనుకుంటున్నాను. ఉదయం ఫోన్ చూడకముందు పది నిమిషాలు తీసుకోండి. సువిశేషాన్ని పైకి, నెమ్మదిగా, రెండుసార్లు చదవండి. రెండోసారి ఎక్కడ మనసు ఆగిందో, లేదా ఎక్కడ చికాకు పుట్టిందో అక్కడ ఆగిపోండి. చికాకు పుట్టిన చోటును అస్సలు దాటేయకండి, చాలాసార్లు మనకు కావలసినది అక్కడే ఉంటుంది. ఆ మాటను ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి.

చదివేటప్పుడు ఒక బుద్ధి అందరికీ వస్తుంది: ‘ఈ వాక్యం మా ఆవిడ వింటే బాగుండు’, ‘ఇది మా మేనేజర్ కోసమే రాసినట్టుంది’. ఫాదర్ గారి ప్రసంగం వింటూ పక్క బెంచీ వైపు చూసే బుద్ధి కూడా అదే. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ వేలు మీ వైపు తిప్పుకోండి. ఇంట్లో గొడవ మధ్యలో బైబిలు వచనం తీసి ఎదుటివాళ్ల మీద విసరడం వాక్యాన్ని అవమానించడమే. పిల్లలు దేవుడి మాటంటే విసుక్కునేది చాలావరకు ఇలాంటి ఇళ్లలోనే.

ఇప్పుడు మీ అన్నయ్య విషయం. మత్తయి 18:21-35 తీయండి. ఎ సంవత్సరంలో సామాన్య కాలం 24వ ఆదివారం నాడు, ప్రతి ఏడూ తపస్కాలం మూడో వారం మంగళవారం నాడు ఈ భాగం వస్తుంది. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని పేతురు అడుగుతాడు. జవాబుగా యేసు అప్పుల కథ చెబుతాడు. మొదటి సేవకుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తోటి సేవకుడు అతనికి వంద దెనారాలు బాకీ. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో చూస్తే ఒక దెనారం ఒక రోజు కూలి. తలాంతు అంటే దాదాపు ఆరువేల దెనారాలు. మన లెక్కలో రోజు కూలి 600 రూపాయలనుకోండి. తోటి సేవకుడి బాకీ 60,000 రూపాయలు. మొదటివాడి బాకీ 3,600 కోట్లు.

మామూలుగా ఈ ఉపమానం మీద ప్రసంగంలో రెండో అప్పు ‘చాలా చిన్నది’ అని వింటుంటాం. నేను అలా చెప్పను. కూలివాడికి 60,000 చిన్న మొత్తమా? మూడు నెలలకు పైగా ఒళ్లు వంచి పనిచేస్తే వచ్చేది. మీ అన్నయ్య మీకు చేసింది చిన్న విషయమని యేసు అనడం లేదు. మీరు నష్టపోయింది నిజం, ఆ నష్టానికి లెక్క ఉంది. ఆ లెక్కను ఒప్పుకుంటూనే ఆయన ఆ పెద్ద అంకెను దాని పక్కన పెడుతున్నాడు. దేవుని ముందు మీకు రద్దయిన బాకీ ఎంతో చూసుకోమంటున్నాడు. ఇది మీకు ఊరటనిస్తుందని నా నమ్మకం, ఎందుకంటే ‘ఏముందిలే, మర్చిపో’ అని ఊళ్లోవాళ్లు చెప్పే మాట మీ గాయాన్ని ఇంకా పెంచుతూ ఉంటుంది.

ఇంకా దగ్గరగా చూడండి. 26వ వచనంలో మొదటివాడు రాజు కాళ్ల మీద పడి, ఓపిక పట్టండి, అంతా తీర్చేస్తాను అంటాడు. 29వ వచనంలో రెండోవాడు అతని కాళ్ల మీద పడి దాదాపు అవే మాటలంటాడు. కాసేపటి క్రితం తన నోట్లోంచి వచ్చిన మాటలే ఎదుటివాడి నోట వింటున్నా, అతని గొంతు పట్టుకున్న చెయ్యి వదలడు. పైగా 3,600 కోట్లు తీర్చేస్తానన్న మొదటివాడి మాట జరిగేది కాదు, 60,000 తీరుస్తానన్న రెండోవాడి మాట జరిగేదే. మీ అన్నయ్య ఈ రెండేళ్లలో ఎప్పుడైనా, ఎవరి ద్వారానైనా ‘కొంచెం ఆగమను’ అని కబురు పెట్టారా? మీరు దాన్ని ఎలా విన్నారు? దీనికి జవాబు ఇక్కడ రాయక్కర్లేదు, ప్రార్థనలో చెప్పుకోండి.

31వ వచనం మీద ఎక్కువమంది ఆగరు. జరిగింది చూసి తోటి సేవకులు ఎంతో బాధపడి రాజుకు చెప్పారు. గొడవ ఇద్దరి మధ్యే అయినా, చూస్తూ ఉన్నవాళ్లకూ బాధే. మీ అమ్మగారు క్రిస్మస్‌కు ఏ కొడుకు ఇంటికి వెళ్లాలో తేల్చుకోలేక ఊళ్లోనే ఉండిపోయారని మీరే రాశారు. మీ పిల్లలు పెదనాన్న పిల్లలతో మాట్లాడటానికి మీ ముఖం చూడాల్సి వస్తోందని కూడా రాశారు. వాళ్లందరూ ఈ 31వ వచనంలో ఉన్నారు.

మనస్ఫూర్తిగా క్షమించాలని 35వ వచనం అంటుంది, మనసు రావట్లేదు కదా అంటారు. కతోలిక తిరుసభ సత్యోపదేశ గ్రంథం 2843వ పేరాలో దీనికి చాలా కరుణ గల జవాబుంది. జరిగినదాన్ని మర్చిపోవడం, నొప్పి తెలియకుండా ఉండటం మన చేతుల్లో లేదని అది ఒప్పుకుంటుంది. పవిత్రాత్మకు తనను అప్పగించుకున్న హృదయం మాత్రం ఆ గాయాన్ని కనికరంగా, ఎదుటివాడి కోసం చేసే విన్నపంగా మారుస్తుందని చెబుతుంది. అంటే మీరు ఈ రోజే చేయగలిగింది ఒకటుంది: రోజూ జపమాలలో ఒక పదిని (మరియమ్మకు చేసే పది మంగళవార్త జపాలను) మీ అన్నయ్య పేరు చెప్పి ఆయన కోసం అర్పించడం. కోపం ఉన్నా చేయండి. కోపం తగ్గాక చేద్దామంటే ఎప్పటికీ మొదలుకాదు. జపమాల కూడా లేఖన ధ్యానమే, మంగళవార్త జపం మొదటి సగం లూకా మొదటి అధ్యాయంలో గాబ్రియేలు దూత, ఎలిశబెత్తమ్మ పలికిన మాటలే.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సినది ఒకటుంది. క్షమించడమంటే వాటా వదులుకోవడం కాదు. అదే అధ్యాయంలో, పేతురు ప్రశ్నకు కొంచెం ముందే, 15 నుంచి 17 వచనాల్లో, సోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలో యేసు వరుసగా చెప్పాడు. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. కాబట్టి కొలతలు వేయించండి, కాగితాలు సరిచూసుకోండి, న్యాయంగా రావలసింది అడగండి. పగ లేకుండా అడగండి. ఇష్టపడి వదులుకుంటే అది వేరే సంగతి. ఎడారి అంతోనివారు, పాదువా అంతోనివారు కాదు, అంతకు దాదాపు వెయ్యేళ్ల ముందు ఈజిప్టులో ఉన్న పునీతులు, యువకుడిగా గుడిలో మత్తయి 19:21 విని తన పొలాలు ఊరివాళ్లకు ఇచ్చేశారు. అది ఆయనకు వచ్చిన పిలుపు. మీ ఊరివాళ్ల ఒత్తిడికి తలొగ్గి సంతకం పెట్టేసి, జీవితమంతా కుమిలిపోతూ ఉంటే దాన్ని క్షమాపణ అనలేం.

ఈ మాట ఇక్కడ చదువుతున్న ఆడవాళ్ల కోసం కూడా రాస్తున్నాను. భర్త కొడుతుంటే ‘డెబ్బై ఏడుసార్లు క్షమించు’ అని ఇంటికి పంపేసే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఈ వాక్యం దానికోసం కాదు. దెబ్బల నుంచి తప్పుకుని సురక్షితమైన చోట ఉండండి, పోలీసు సాయం కావాలంటే తీసుకోండి. పగ వదిలిపెట్టడం దూరంగా ఉండి కూడా చేయవచ్చు.

రాత్రి సంగతి క్లుప్తంగా చెబుతాను. పడుకునే ముందు అయిదు నిమిషాలు ఆత్మశోధన చేయండి. పునీత లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన క్రమం ఇది: ముందు ఆ రోజు అందిన మేళ్లకు కృతజ్ఞత, తర్వాత నన్ను నేను తెలుసుకునే వెలుగు కోసం మనవి, తర్వాత రోజంతా గంట గంటగా చూసుకోవడం, చేసిన తప్పుకు క్షమాపణ అడగడం, రేపటికి ఒక నిర్ణయం. జేబులో చీటీ తీసి చూడండి, ఈ మాట ఇవాళ ఎక్కడికి వెళ్లింది? ఎక్కడికీ వెళ్లకపోతే కంగారు లేదు, అదే చీటీ రేపూ ఉంచుకోండి. నెలకోసారి పాపసంకీర్తనానికి (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లేటప్పుడు ఈ చీటీలు బాగా సాయపడతాయి, ‘అబద్ధాలాడాను, కోపపడ్డాను’ అనే అరిగిపోయిన జాబితాకు బదులు నిజంగా జరిగింది చెప్పగలుగుతారు.

చివరిగా, మీ అన్నయ్యకు ముందు ఫోన్ చేయాలా, ఫాదర్ గారితో చెప్పించాలా అని అడిగారు. మత్తయి 18:15 ప్రకారం మొదటి అడుగు మీదే, ఒంటరిగా. ముందు పాపసంకీర్తనం చేసుకోండి. ఆ తర్వాత ఫోన్ చేయండి, కానీ మొదటి ఫోన్‌లో స్థలం మాట ఎత్తకండి. ఆరోగ్యం, పిల్లల చదువులు, అమ్మ మందులు, ఇవి చాలు. పండక్కి అమ్మను ఇద్దరూ కలిసి గుడికి తీసుకెళ్దామని అడగండి. రెండు మూడుసార్లు మాట్లాడాక, ‘అన్నయ్యా, ఆ స్థలం విషయం కూర్చుని మాట్లాడుకుందాం, నీకెప్పుడు వీలవుతుంది?’ అనండి. ఆయన కాదంటే అప్పుడు మధ్యవర్తిని చూడండి. మీ వైపు మనిషిని కాదు, ఆయన కూడా గౌరవించే మనిషిని, మీ మేనమామలాంటి వారిని. ఫాదర్ గారి దగ్గరికి అది కూడా కుదరకపోతేనే వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ కాగితాలతో పాటు, ఆయన వైపు వాదన ఏమిటో కూడా ఆయన ఒప్పుకునేలా రాసుకుని తీసుకెళ్లండి.